సముద్రం పక్కన పెద్దల ఊరు

కాలిఫోర్నియా దక్షిణ తీరంలో, లాంగ్ బీచ్‌ను ఆనుకుని, సాన్ గేబ్రియల్ నది పసిఫిక్‌లో కలిసే చోట సీల్ బీచ్ అనే చిన్న పట్నం ఉంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ పాతిక వేల మంది తేలారు. వాళ్లలో మూడో వంతుకు పైగా, సుమారు 9,000 మంది, ఒకే ప్రహరీ గోడ లోపల కాపురం ఉంటారు. ఆ గోడ లోపలిదే లీజర్ వరల్డ్. ఐదు వందల ఎకరాలు దాటిన స్థలం, 6,600 పైచిలుకు ఇళ్లు, గేటు దగ్గర పెద్ద భూగోళం బొమ్మ. అక్కడ ఇల్లు కొనుక్కుని ఉండాలంటే 55 ఏళ్లు నిండాలి. అమెరికాలో పెద్దవాళ్ల కోసమే కట్టిన ఊళ్లలో పాతవాటి లెక్కలోకి వస్తుంది ఇది.

తీరప్రాంతపు ఊరు కదా, సముద్రం గుమ్మంలోనే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఇసుకకూ ఈ గోడకూ మధ్య రెండు మైళ్లకు పైగా దూరం ఉంది. కిటికీ తెరిస్తే కనబడేది ఎదుటి వరస ఇల్లూ, దాని ముందు పూలమొక్కలే. సముద్రం ఇక్కడికి గాలిగా, తెల్లవారుజాము మబ్బుగా, ఇనుముకు పట్టే తుప్పుగా వస్తుంది. మామూలు పింఛనుదారుకు ఈ ఊరు అందుబాటులో ఉండటానికి ఆ రెండు మైళ్లే ఒక కారణం. అలలు కనబడే కిటికీ కావాలంటే ఇంకా దక్షిణంగా శాన్ డియాగో వైపు వెళ్లాలి. అక్కడ లా హోయాలో, 1924లో హోటల్‌గా కట్టి తర్వాత పెద్దల నివాసంగా మార్చిన కాసా దె మన్యానా లాంటివి నీటి ఒడ్డునే ఉన్నాయి. వాటి లెక్క వేరు. చేరేటప్పుడు పెద్ద మొత్తం కట్టాలి, ఆపైన నెలనెలా వేల డాలర్లు.

అమెరికాలో పదవీ విరమణ చేసినవాళ్లకు ప్రత్యేకంగా ఊరు కట్టాలన్న ఆలోచన 1950ల నాటిది. అరిజోనా ఎడారిలో డెల్ వెబ్ సంస్థ 1960 జనవరి 1న సన్ సిటీ తలుపులు తెరిస్తే, చూడ్డానికి మూడు రోజుల్లో లక్ష మంది దాకా వచ్చారని చెబుతారు. అదే సమయంలో సీల్ బీచ్ ప్రాంతంలో రాస్ కోర్టీస్ అనే బిల్డర్ ఉన్నాడు. పెద్ద చదువులు చదవలేదు గానీ జనం నాడి తెలిసినవాడు. పక్కనే రాస్మూర్ అనే గోడకట్టు కాలనీ కట్టి డబ్బు చేసుకున్నాడు. యువ కుటుంబాల కాలనీ అమ్ముడుపోయాక అతని చూపు వాళ్ల అమ్మానాన్నల మీద పడింది. 1962లో లీజర్ వరల్డ్‌లో మొదటి కాపురాలు మొదలయ్యాయి. కొద్ది ఏళ్లలోనే లగూనా హిల్స్‌లోనూ, ఉత్తర కాలిఫోర్నియాలోని వాల్నట్ క్రీక్‌లోనూ, ఆ తర్వాత మేరీలాండ్‌లోనూ అలాంటివే లేచాయి. కోర్టీస్ ఇచ్చిన డబ్బుతోనే 1964లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వృద్ధాప్యం మీద పరిశోధనా సంస్థ మొదలైంది. వ్యాపారం సంగతి ఎలా ఉన్నా, తన కొనుగోలుదార్ల గురించి తెలుసుకోవాలన్న కుతూహలం అతనికి ఉందనే చెప్పాలి.

ఇళ్లు చూడ్డానికి నిరాడంబరంగా ఉంటాయి. ఎక్కువ భాగం ఒకే అంతస్తు. పొడవాటి భవనానికి ఎక్కువగా పన్నెండేసి ఇళ్లు, ఒక పడకగది లేదా రెండు. గోడకు గోడ కలిసే ఉంటుంది. ప్రతి గుమ్మం ముందూ కొంచెం మట్టి. అందులో ఏం వేసుకోవచ్చో, ఎంత మేర వేసుకోవచ్చో రాసిపెట్టిన నియమం ఉంటుంది. కొందరు గులాబీలు పెంచుతారు, కొందరు పింగాణీ పిట్టలనూ మరుగుజ్జు బొమ్మలనూ నిలబెడతారు. పిట్టల సంఖ్య మీద ఇరుగుపొరుగు మధ్య మాట పట్టింపులు రావడం కొత్తేమీ కాదు. కారు ఇంటి ముందు ఆగదు. కాస్త దూరంలో వరసగా ఉన్న కారు షెడ్లలో పెట్టి నడిచి రావాలి. బట్టలు ఉతికే యంత్రాలు కూడా ఉమ్మడి గదిలోనే. 1962లో ఇది పొదుపు కోసం చేసిన ఏర్పాటు. దాని వల్ల జరిగిన మేలు మటుకు వేరు. ఒంటరిగా ఉండే మనిషి వారానికి రెండుసార్లయినా బట్టల బుట్టతో బయటికి వచ్చి, యంత్రం ఆగేదాకా ఎవరో ఒకరితో నాలుగు మాటలు మాట్లాడక తప్పదు. ఇవాళ లోపల యంత్రం పెట్టించుకోవాలని పోటీపడుతున్నవాళ్లు ఆ నాలుగు మాటలను లెక్కలోకి తీసుకున్నట్టు కనబడదు.

యాజమాన్యం దగ్గరికి వస్తే తెలుగు పాఠకుడు కాసేపు ఆగాలి. ఇక్కడ చాలామంది ఇల్లు కొనరు, షేరు కొంటారు. ఊరంతా పదహారు సహకార సంఘాలుగా విడిపోయి ఉంది. వాటిని మ్యూచువల్ అంటారు. భవనాలు సంఘం పేరు మీద ఉంటాయి. సభ్యుడి చేతికి వచ్చేది ఆ సంఘంలో వాటా పత్రం, ఫలానా నంబరు ఇంట్లో ఉండే హక్కు. పదహారింటిలో ఒక్కటి మాత్రమే మామూలు అపార్టుమెంట్ల పద్ధతి, దాని భవనాలు మూడంతస్తులవి. మిగతావన్నీ షేర్ల పద్ధతే. 1950లో ఫెడరల్ ప్రభుత్వం సహకార గృహాల రుణాలకు పూచీ ఇచ్చే పథకం తెచ్చింది. కోర్టీస్ దానిని పట్టుకుని నలభై ఏళ్ల గడువు రుణాలతో ఈ సంఘాలను నిలబెట్టాడు. ఆ అప్పు భారం ఇప్పుడు లేదు. అందుకే నెలసరి రుసుము చుట్టుపక్కల కాలనీలతో పోలిస్తే తేలిగ్గా ఉంటుంది. బయటి గోడల మరమ్మతు, పైకప్పు, భవన బీమా, తోటపని, చెత్త, కాపలా, మినీబస్సు, అన్నీ అందులోనే వస్తాయి.

షేరు పద్ధతికి ఒక మెలిక ఉంది. బ్యాంకులు ఇంటి మీద అప్పు ఇస్తాయి గానీ ఇలాంటి వాటా పత్రం మీద ఇవ్వడానికి వెనకాడతాయి, సంఘాలూ ఒప్పుకోవు. కాబట్టి మొత్తం రొక్కం కట్టే కొనాలి. దానికి తోడు నెలసరి రుసుముకు కొన్ని రెట్లు ఆదాయం ఉందని కాగితాలు చూపించాలి. కొనుగోలుకు సంఘం బోర్డు ఆమోదం కావాలి. ఈ షేరు ఇళ్లను అద్దెకు ఇవ్వడం కుదరదు. పెట్టుబడిగా రెండు కొని పడేద్దాం అనుకునేవాళ్లకు ఇది తగిన చోటు కాదు. ఇందులో కష్టం ఎంతుందో లాభమూ అంతే ఉంది. పక్కింటివాళ్లు ప్రతి ఏడాదీ మారే అద్దెదారులు కాకుండా, ఇక్కడే ఉండాలని వచ్చినవాళ్లు అయివుంటారు. ఊరు అప్పుల్లో ఉన్నవాళ్ల చేతిలో పడదు కాబట్టి ఆర్థిక మాంద్యం వచ్చినా ఇళ్లు వేలానికి వెళ్లిన సందడి ఇక్కడ తక్కువ.

రొక్కం ఎక్కడిది? ఎక్కువమందికి పాత ఇల్లు అమ్మగా వచ్చిందే. పిల్లలు పెరిగిన నాలుగు పడకగదుల ఇంటిని అమ్మితే దక్షిణ కాలిఫోర్నియాలో పది లక్షల డాలర్లు రావడం ఇప్పుడు వింత కాదు. సొంతంగా ఉంటున్న ఇంటి అమ్మకం లాభంలో ఒంటరివారికి 2,50,000 డాలర్లు, దంపతులకు 5,00,000 డాలర్ల వరకు ఫెడరల్ పన్ను పడదు. 1997 నుంచి ఇదే చట్టం. లీజర్ వరల్డ్ ఒంటి పడకగది ఇల్లు బయటి ఇంటి ధరలో సగానికంటే తక్కువకే దొరుకుతుంది. మిగిలింది బ్యాంకులో వేసుకుని బతుకుతారు. కాలిఫోర్నియాలో ఆస్తిపన్నుకు సంబంధించిన ఇంకో వెసులుబాటు ఉంది. 1978లో ఓటర్లు గెలిపించిన 13వ ప్రతిపాదన ప్రకారం కొన్న ధర మీదే పన్ను లెక్క, ఏటా పెరుగుదల రెండు శాతానికి మించదు. దాంతో పాత ఇళ్ల పన్ను నామమాత్రంగా మిగిలింది. ఇల్లు మారితే కొత్త ధర మీద పన్ను పడుతుందన్న భయంతో పెద్దవాళ్లు కదిలేవాళ్లు కాదు. 2021 ఏప్రిల్ నుంచి 55 దాటినవాళ్లు ఆ పాత పన్ను లెక్కను రాష్ట్రంలో ఎక్కడికైనా, మూడుసార్ల దాకా, తమతో తీసుకుపోవచ్చు. పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి రావడానికి ఇదొక ఊతం.

వయసు నిబంధనకు వెనక పెద్ద చట్ట చరిత్రే ఉంది. ఇళ్ల విషయంలో పిల్లలున్న కుటుంబాల మీద వివక్ష చూపకూడదని 1988లో అమెరికా కాంగ్రెస్ శాసనం చేసింది. దాని ప్రకారం చూస్తే లీజర్ వరల్డ్ లాంటివి నేరుగా చట్టవిరుద్ధం కావాలి. పెద్దల ఊళ్లకు అందులోనే మినహాయింపు ఇచ్చారు. 1995లో దాన్ని ఇంకొంచెం సరళం చేశారు. కనీసం 80 శాతం ఇళ్లలో 55 దాటిన మనిషి ఒక్కరైనా ఉంటే చాలు. కాలిఫోర్నియా చట్టం ఇంతకంటే గట్టిది. 55 నిండనివాళ్లు ఎవరెవరు ఉండొచ్చో విడివిడిగా చెబుతుంది. భార్యాభర్తల్లో ఒకరికి 55 నిండితే రెండోవారు చిన్నవారైనా ఉండొచ్చు. 45 దాటి, పెద్దవాళ్లకు చేదోడుగా ఉండేవాళ్లకూ చోటు ఉంది. వైద్య సహాయం కోసం పెట్టుకున్న మనిషికి వయసుతో పనిలేదు. వృద్ధురాలైన తల్లి మీద ఆధారపడిన వికలాంగ సంతానానికి కూడా ఈ చట్టంలో రక్షణ ఉంది. ఈ సంగతి తెలియక, కొడుకును ఎక్కడ పెట్టాలో తోచక దిగులుపడేవాళ్లు ఉంటారు.

చుట్టపుచూపుగా వచ్చేవాళ్ల మాట ఇక్కడే తేలుతుంది. 55 నిండని అతిథులను ఏడాదికి కనీసం 60 రోజులు ఉండనివ్వాలని రాష్ట్ర చట్టం చెబుతుంది. వేసవి సెలవుల్లో మనవలు వచ్చి నెల రోజులు ఉంటే ఎవరూ తరిమేయరు. ఉండిపోతామంటే మాత్రం కుదరదు. కొడుకు ఉద్యోగం పోయి అమ్మ దగ్గర ఆర్నెల్లు తలదాచుకోవాలన్నా గేటు దగ్గర లెక్క తేలుతుంది. గేట్లో కాపలాదారు ముందుగా ఇంటివాళ్లు ఇచ్చిన పేరు చూసి, లేదా పాసు చూసి లోపలికి పంపుతాడు. వచ్చినవాళ్లు రాత్రి బండి ఎక్కడ పెట్టాలి, ఈత కొలనులోకి మనవడిని తీసుకెళ్లవచ్చా, ఏ క్లబ్‌హౌస్‌లోకి అతిథులకు అనుమతి ఉంది, ఇలాంటివన్నీ రాతలో ఉంటాయి. భారతీయ ఇళ్లలో చెప్పాపెట్టకుండా వచ్చే బంధువుల సంప్రదాయానికి ఇది సరిపడదు. ఊరు ప్రశాంతంగా ఉందని మెచ్చుకునేవాళ్లు ఆ ప్రశాంతత ఎలా వచ్చిందో కూడా గమనించాలి.

ఊరి ఉమ్మడి పనులు, అంటే రోడ్లు, క్లబ్‌హౌస్‌లు, గ్రంథాలయం, బస్సులు, భద్రత, గోల్డెన్ రెయిన్ ఫౌండేషన్ అనే సంస్థ చూస్తుంది. దాని పాలకమండలికి సంఘాల నుంచి సభ్యులు ఎన్నికవుతారు. ఒక్కో సంఘానికి సొంత బోర్డు వేరే. కాలిఫోర్నియాలో ఇలాంటి ఉమ్మడి గృహాలన్నీ 1985 నాటి డేవిస్ స్టర్లింగ్ చట్టం కిందికి వస్తాయి. బోర్డు సమావేశం సభ్యులందరికీ తెరిచి ఉండాలి, ఎజెండా ముందే గోడ మీద పెట్టాలి, సభ్యులకు మాట్లాడే సమయం ఇవ్వాలి. రిటైరైన ఇంజనీర్లూ అకౌంటెంట్లూ స్కూలు ప్రిన్సిపాళ్లూ వేల సంఖ్యలో ఖాళీగా ఉన్న చోట ఆ సమావేశాలు ఎంతసేపు సాగుతాయో ఊహించుకోవచ్చు. పైకప్పు టెండరు మీద, చెట్టు కొట్టడం మీద, కుక్క బరువు మీద గంటల తరబడి వాదిస్తారు. విసుగనిపించినా ఈ వాదనలే ఊరిని నిలబెట్టాయని ఒప్పుకోవాలి. డెవలపరు ఎప్పుడో వెళ్లిపోయాడు, ఊరు ఉన్నవాళ్ల చేతిలోనే ఉంది.

ఒక రోజు ఎలా గడుస్తుందో చూస్తే, ఉదయం తొమ్మిది లోపు తొమ్మిది గుంటల చిన్న గోల్ఫ్ మైదానం నిండుతుంది. క్లబ్‌హౌస్‌లు ఆరు. ఒకదానిలో వడ్రంగి పని గది, ఇంకోచోట బిలియర్డ్స్, మరోచోట కుట్టుపని, చీట్ల పేక, బొమ్మలు వేయడం. బయట మూల మినీ ఫారాలు, అంటే కూరగాయల మడులు. వాటి కోసం వరసలో నిలబడి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు ఉంటారు. టమాటా, మిరప, దోస, కొరియా ముల్లంగి పండిస్తారు. వేసవిలో ఆరుబయలు ప్రదర్శనశాలలో సాయంత్రపు కచేరీలు. గోల్ఫ్ బండ్లు, నాలుగు చక్రాల స్కూటర్లు వీధుల్లో మామూలే. చాలా వీధుల పేర్లు కూడా ప్రసిద్ధ గోల్ఫ్ మైదానాలవి. లోపలే చర్చిలున్నాయి, ఊరికి సొంత వారపత్రిక ఉంది. అందులో జనం ముందుగా చూసేది మరణ వార్తల పేజీ అని అక్కడివాళ్లే నవ్వుతూ చెప్పుకుంటారు.

ఇక సముద్రం. సీల్ బీచ్‌లో ఓల్డ్ టౌన్ అనే చిన్న బజారు, దాని చివర సముద్రంలోకి సాగే కర్ర వంతెన ఉన్నాయి. సుమారు 1,865 అడుగుల పొడవైన ఈ వంతెనను 1906లో మొదట కట్టారు. 1983 తుపానులకు ఒక భాగం కొట్టుకుపోతే మళ్లీ నిలబెట్టారు. పెద్దవాళ్లకు ఇదే నడక దారి. చివరిదాకా వెళ్లి వచ్చేసరికి అర మైలు దాటుతుంది, మధ్యలో కూర్చోవడానికి బెంచీలు. కాలిఫోర్నియాలో ప్రజా వంతెన మీద నుంచి సముద్రంలో గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. అందుకే తెల్లవారకముందే బకెట్లతో కూర్చున్నవాళ్లు కనబడతారు. నీళ్లలో దిగాలంటే మాత్రం ధైర్యం కావాలి. బంగాళాఖాతపు గోరువెచ్చని నీళ్లు అలవాటైనవాళ్లకు పసిఫిక్ చలి తెలిసివస్తుంది. చలికాలంలో 14 డిగ్రీలకు దిగుతుంది, ఎండాకాలంలో కూడా 20 చుట్టుపక్కలే. వాన పడ్డాక మూడు రోజుల దాకా ఈతకు దిగొద్దని ఆరోగ్యశాఖ చెబుతుంది. సాన్ గేబ్రియల్ నది పైనుంచి ఊళ్ల మురుగూ చెత్తా తెచ్చి ఇక్కడే పోస్తుంది. తీరానికి దూరంగా ఒక చమురు వేదిక కూడా కనబడుతుంది. వార్షిక సెలవుల కరపత్రాల్లో అది ఉండదు.

శీతకాలానికి ముందు ఊరివాళ్లు బుల్డోజర్లతో బీచ్ మీద ఇసుక కట్ట పోస్తారు. అలలు ఒడ్డు ఇళ్లలోకి రాకుండా ఏటా చేసే పని ఇది. వసంతంలో మళ్లీ చదును చేస్తారు. లీజర్ వరల్డ్‌కు ఆ బెడద లేదు, రెండు మైళ్ల దూరం ఇక్కడా పనికొచ్చింది. భూకంపం మాట అలా కాదు. న్యూపోర్ట్ ఇంగిల్‌వుడ్ పగులు సీల్ బీచ్ మీదుగానే పోతుంది. 1933 మార్చి 10న 6.4 తీవ్రతతో లాంగ్ బీచ్‌ను కూల్చింది ఆ పగులే. మామూలు ఇంటి బీమాలో భూకంప నష్టం ఉండదు, విడిగా కొనాలి. సంఘం బీమా ఎంతవరకు కప్పుతుందో, సభ్యుడు లోపలి సామాను కోసం ఏం తీసుకోవాలో షేరు కొనేముందే కాగితాల్లో చూసుకోవాలి.

ఉప్పుగాలి నిశ్శబ్దంగా పనిచేస్తుంది. గొట్టాలు, రెయిలింగులు, కాంక్రీటులోని ఊచలు మెల్లగా తినేస్తుంది. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో సముద్రపు ఒడ్డు పన్నెండంతస్తుల భవనం కూలి 98 మంది చనిపోయారు. అది పెద్దల ఊరు కాదు, వాయిదాలు పడుతూ వచ్చిన మరమ్మతుల కథ. ఆ తర్వాత అమెరికాలో సంఘాల మరమ్మతు నిధి మీద అందరి కన్ను పడింది. కాలిఫోర్నియాలో కనీసం మూడేళ్లకోసారి భవనాలను పరిశీలించి ఏది ఎప్పుడు మార్చాలో, ఎంత కావాలో లెక్క కట్టాలని చట్టం ఉంది. ఆ నివేదికను కొనేవాళ్లు అడగవచ్చు. వంటింటి పలకల రంగు చూసి మురిసేవాళ్లు ఈ కాగితం చదవరు. నెలసరి రుసుము తక్కువగా ఉందంటే పొదుపుగా నడుస్తోందా, రావలసిన ఖర్చును వెనక్కి తోస్తోందా అన్నది దీంట్లోనే తెలుస్తుంది. వెనక్కి తోసిన ఖర్చు ఒకనాడు ప్రత్యేక వసూలుగా నెత్తిన పడుతుంది.

ఉండటానికి ముందు చూసి రావడం మంచిదే. అయితే చాలామంది మండు వేసవిలోనో క్రిస్మస్ దీపాలప్పుడో వస్తారు. మే, జూన్ నెలల్లో రావాలి. అప్పుడు సముద్రం మీద పట్టిన మబ్బు మధ్యాహ్నం దాకా విడవదు. పొద్దుటి వెలుగు చూడక మనసు మందగించేవాళ్లకు అది పరీక్ష. శరదృతువులో ఎడారి నుంచి శాంటా అనా గాలులు వీస్తాయి. అప్పుడు తేమ మాయమై కళ్లు మండుతాయి. ఆ రెంటినీ పక్కన పెడితే ఏడాదిలో ఎక్కువ రోజులు పెద్దవాళ్లకు అనువైన వాతావరణమే. చలి గడ్డకట్టించదు, ఎండ కాల్చదు, వాన సగటున ఏడాదికి ఒక అడుగు. బండి నడపకుండా ఒక పూట గడిపి చూడటం ఇంకో మంచి పరీక్ష. కారు తాళం చెవి ఇంట్లో పెట్టి మినీబస్సులో బజారుకూ, డాక్టరు దగ్గరకూ వెళ్లి రాగలిగితే ఎనభై దాటాక పరిస్థితి అర్థమవుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లకు దగ్గర్లోనే పక్షులకు పేరుపడ్డ ఆశ్రయం ఉంది. నౌకాదళపు ఆయుధ స్థావరం లోపలి చిత్తడి నేలలో 1972లో ఏర్పడింది. నెలకోసారి గైడుతో వెళ్లి చూడవచ్చు.

పెద్దల ఊరు అనగానే ముసలితనపు సేవలన్నీ లోపలే ఉంటాయని ఇంటివాళ్లు అనుకుంటారు. ఉండవు. లీజర్ వరల్డ్ తన పనులు తాను చేసుకోగలిగినవాళ్ల కోసం. లోపల క్లినిక్కు ఉంది. ఆసుపత్రులు లాస్ అలమిటోస్, లాంగ్ బీచ్‌లలో దగ్గరగా ఉన్నాయి. కానీ స్నానం చేయించే మనిషి, మందు గుర్తుచేసే మనిషి కావాలంటే జీతమిచ్చి పెట్టుకోవాలి. గేటు దగ్గర వాళ్లకు ప్రత్యేక గుర్తింపు పత్రం ఇప్పించాలి. పెద్దవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ ఈ ఖర్చు భరించదు. ఆసుపత్రిలో చేరి వచ్చాక నర్సింగు కేంద్రంలో మహా అయితే 100 రోజులు, అదీ షరతులతో. దీర్ఘకాలపు సంరక్షణకు, ఆదాయం ఆస్తి షరతులకు సరిపోతే, పేదలకు రాష్ట్రం నడిపే మెడి-కాల్ ఆదుకుంటుంది. మతిమరుపు రోగం వచ్చిన భర్తను చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయిన భార్యలు, పక్కింటివాళ్లు తాళం చెవి దగ్గర పెట్టుకుని రోజూ తొంగి చూసే ఒంటరి స్త్రీలు ఇలాంటి ఊళ్లలో చాలా ఉంటారు. అరవైలో వచ్చిన మనిషికి ఊరు బాగా అమరుతుంది. ఎనభై అయిదులో ఉండగలిగేది పక్కింటివాళ్లు ఎవరన్నదాన్ని బట్టి.

మొదట్లో లీజర్ వరల్డ్ దాదాపు పూర్తిగా తెల్లవాళ్ల ఊరు. కొన్ని దశాబ్దాలుగా కొరియా వారు వచ్చి చేరుతున్నారు. గార్డెన్ గ్రోవ్‌లో వాళ్ల దుకాణాలూ చర్చిలూ దగ్గరే కావడం ఒక కారణం. వియత్నామీలకు వెస్ట్‌మినిస్టర్ పక్కనే. తెలుగువాళ్లకు సమీపంలో ఆర్టీషియాలోని పయనీర్ బొలెవార్డ్ ఉంది, చీరల దుకాణం నుంచి ఇడ్లీ పిండి దాకా దొరుకుతుంది. కాలబాసస్‌లో 1981లో వెలసిన మలిబు వేంకటేశ్వరాలయం కొంత దూరం. తెలుగు పెద్దవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా పిల్లల ఇంట్లోనే ఉంటారు. అమ్మానాన్నలు సందర్శక వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉండి వెళ్తారు. గ్రీన్‌కార్డు తీసుకున్నవాళ్లకు 65 దాటి, అయిదేళ్లు వరసగా అమెరికాలో నివసించాక మెడికేర్‌లో చేరే అవకాశం ఉంటుంది. ఆ అయిదేళ్లు నిండేదాకా వేరే బీమా మీద నెట్టుకురావాలి. విడిగా ఉండాలని కోరుకునే భారతీయుల కోసం ఫ్లోరిడాలోని టవారెస్‌లో శాంతినికేతన్ అనే కాలనీ 2010ల ఆరంభంలో లేచింది. అక్కడ ఉమ్మడి భోజనశాలలో శాకాహారం వండుతారు, పూజగది ఉంటుంది. అది సముద్రం ఒడ్డున లేదు, మధ్య ఫ్లోరిడాలో ఉంది. సీల్ బీచ్ లాంటి చోట ఉండే తెలుగు దంపతులకు గోడకు గోడ కలిసిన ఇంట్లో పోపు ఘాటు ఒక సమస్యే. అమెరికా తెలుగిళ్లలో పొగ అలారం మోగడం మామూలైనా పన్నెండు ఇళ్ల భవనంలో మోగితే పదకొండు గుమ్మాలు తెరుచుకుంటాయి.

సభ్యుడు చనిపోయాక ఏమవుతుందో కొనేనాడే తెలుసుకోవాలి. షేరు వారసులకు వస్తుంది. ఉండే హక్కు దానంతట అది రాదు. కూతురికి 55 నిండి, ఆదాయం కాగితాలు సరిపోయి, బోర్డు ఒప్పుకుంటే ఉండొచ్చు. లేదంటే అమ్మాలి. అమ్ముడుపోయేదాకా నెలసరి రుసుము వారసులు కడుతూనే ఉండాలి. అద్దెకు ఇచ్చి గట్టెక్కే దారి లేదు. వాటా పత్రం ఎవరి పేరు మీద ఉంది, బతికుండగానే కుటుంబ ట్రస్టులో పెట్టారా, కాలిఫోర్నియా కోర్టు ద్వారా వారసత్వం తేల్చుకోవాలా అన్నదాన్ని బట్టి కొన్ని వారాలో, ఏడాది పైనో పడుతుంది. ట్రస్టులో పెట్టాలన్నా సంఘం పద్ధతి ప్రకారం కాగితాలు రాయించాలి. అమ్మేటప్పుడు లోపల చేయించిన మార్పులకు అనుమతి ఉందో లేదో సంఘం తనిఖీ చేస్తుంది. అనుమతి లేకుండా పెట్టిన పైకప్పు అద్దపు కిటికీ, మూసేసిన వసారా ఉంటే సరిచేయించే ఖర్చు అమ్మకం సొమ్ములోంచి పోతుంది. అందుకే అనుభవమున్న సభ్యులు వాటా పత్రం, ట్రస్టు కాగితం, మార్పుల అనుమతులు ఒకే సంచిలో పెట్టి, అది ఏ అలమరలో ఉందో పిల్లలకు చెప్పి ఉంచుతారు.